పెద్దావిడది టీవీ, చిన్నావిడది వీసీపీ

మా మేనకోడలి కూతురు సుధకి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. ఫోన్లలో సినిమాలూ సీరియళ్ళూ చూపించే కంపెనీ. చూసినవాళ్ళు రాసిన అభిప్రాయాలు చదివి, ఏది ఎవరికి ఎందుకు నచ్చిందో పైవాళ్ళకి చెప్పడం దాని పని. మొన్న వచ్చినప్పుడు, "తాతయ్యా, నువ్వూ ఇదే పని చేసేవంటగా?" అని అడిగింది.

ఔనే తల్లీ, ఇదే పని. అమలాపురంలో ఒక వీడియో లైబ్రరీ కౌంటరు వెనకాల కూర్చునే నా జుట్టు తెల్లబడింది. కేసెట్లతో మొదలుపెట్టి, సీడీలూ డీవీడీలూ దాటి, ఎవరూ ఏదీ అడగని రోజులు కూడా చూసి మానేశాను. ఇప్పుడా గదిలో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. అటువైపు వెళితే ఇప్పటికీ నా కాళ్ళు ఆ మెట్టు దగ్గర ఆగుతాయి.

నేను ఎలా పైకొచ్చానో రాద్దామంటే, పైకి రాలేదు. మొదటిరోజు ఏ స్టూలు మీద కూర్చున్నానో ఆఖరి రోజూ దానిమీదే కూర్చున్నాను. కాబట్టి ఆ గొడవ వదిలేసి, సుధలాంటి పిల్లలకి పనికొచ్చే నాలుగు సంగతులు చెబుతాను. వాటిలో రెండు నా తప్పులు. మొదటిదానివల్ల పదిమంది నన్ను తిట్టుకున్నారు, అంతే. రెండోదానివల్ల ఒక ఇంటి నడిమధ్య గోడ లేవబోయింది.

దొరల కేసెట్లు

లైబ్రరీ నాది కాదు. కొబ్బరికాయల వ్యాపారి సత్తిరాజుగారిది. గోడౌను పక్క గది ఖాళీగా ఉందని తెరిచారు. ఆయన సినిమా ఒక్కటీ చూసేవారు కాదు. సాయంత్రం కౌంటరు దగ్గర కుర్చీ వేసుకుని, జనం సినిమాల గురించి చెప్పుకునే మాటలు మాత్రం చెవులారా వినేవారు.

ఒకసారి విశాఖపట్నంలో ఎవరో లైబ్రరీ మూసేస్తున్నారంటే, ఇంగ్లీషు కేసెట్లు లాటుగా కొనేశారు. చూసి కొనలేదు. ఇంగ్లీషంటే ఫైట్లని ఆయన నమ్మకం. అట్టపెట్టెలు విప్పితే ఏముంది? నేల ఊడ్చే గౌన్లు, టోపీలు, గుర్రబ్బళ్ళు, వానలో తడుస్తున్న బంగళాలు. అన్నీ బ్రిటీషువాళ్ళ పాతకాలం కథలే. సగం సినిమాలు, సగం నాలుగేసి ఆరేసి కేసెట్ల సీరియళ్ళు.

సత్తిరాజుగారు ఒక్కొక్క అట్టా తిప్పి చూసి, "ఏమోయ్ మూర్తీ, వీళ్ళలో ఎవడి మొహం చూసినా ఒకణ్ణి కొట్టేలా లేడే!" అన్నారు.

రెండు నెలలు వాటిని ఎవరూ ముట్టుకోలేదు. అప్పుడు నాకో ఉపాయం తట్టింది. ప్రతి పెట్టెలోనూ తెలుగులో కథ రాసిన చీటీ పెడితే జనం తీసుకెళతారు కదా అనుకున్నాను. ఆలోచన మంచిదే. కానీ అన్ని కేసెట్లు కూర్చుని చూసే ఓపిక లేక, అట్టమీద బొమ్మ చూసి కథ అల్లేశాను. నా మొహం! అదే మొదటి తప్పు.

ఒక అట్టమీద ముసలాయన తుపాకీ పట్టుకుని పొదల్లో నిలబడి ఉన్నాడు. నేను చీటీమీద, "అన్యాయానికి బలైన ఒక తండ్రి పగ. తుపాకీ పేలితే ప్రళయమే!" అని రాశాను. కాట్రేనికోన నుంచి ఒక రొయ్యల చెరువుల ఆసామి దాన్ని పట్టుకెళ్ళాడు. చెరువు పనివాళ్ళు పదిమందిని కూర్చోబెట్టుకుని చూశాడట. మర్నాడు వచ్చి కేసెట్టు కౌంటరు మీద పెట్టి నా మొహంకేసే చూస్తూ నిలబడ్డాడు.

"ఎలా ఉందండీ?" అన్నాను.

"రెండు గంటలు చూసేమండీ. ఆ తుపాకీ ఒక్కసారే పేలింది."

"ఎవరు చచ్చేరండీ?"

"బాతండీ."

కుర్చీలో ఉన్న సత్తిరాజుగారు నవ్వు ఆపుకోలేక దగ్గుతూ బయటికి వెళ్ళిపోయారు. అయితే ఆ ఆసామి వెళ్ళబోతూ ఆగి, కాస్త మొహమాటంగా ఇంకో మాట అన్నాడు. "కానీ మూర్తిగారూ, ఆ బాతు పడిపోయేక ముసలాయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని అలా కూర్చుండిపోయేడు చూసేరా? మావాళ్ళు ఆ ముక్క మళ్ళీ మళ్ళీ వేయించుకుని చూసేరండీ. మా నాన్న గుర్తొచ్చేడు నాకు."

నేను ఆ సినిమా చూడలేదని ఆయనతో చెప్పలేకపోయాను. ఆ రోజు నుంచీ చూడని కేసెట్టుకి చీటీ రాయలేదు. నా బీయే ఇంగ్లీషు ఆ దొరల యాసకి ఆనేది కాదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ రెండేసి సార్లు చూసేవాణ్ణి. సుధా, నీకు వంద పనులుంటాయి, నాకు తెలుసు. అయినా చూడనిదాని గురించి ఒక్క వాక్యం కూడా రాయకు. బాతు సంగతి బయటపడక మానదు.

కేసెట్టు ఎక్కడ ఆగింది

సినిమా బాగుందా అని అడగడం శుద్ధ దండగ. ఇది నాకు సత్తిరాజుగారు నేర్పారు. "మన గోదారోళ్ళని బాగుందా అంటే, ఆయ్, బాగుందండీ అంటారు. ఎదుటివాడి మనసు నొప్పించరు. నువ్వు కేసెట్టు చూడు," అనేవారు.

ఆ రోజుల్లో జనం కేసెట్టు చూశాక మొదటికి తిప్పకుండానే తెచ్చిచ్చేవారు. నేను దాన్ని అలాగే వీసీపీలో, అంటే కేసెట్లు ఆడించే పెట్టెలో పెట్టేవాణ్ణి. ఎక్కడ లేచిపోయారో అక్కడే మొదలయ్యేది. ఏ ముక్కని పదేపదే చూశారో అక్కడ బొమ్మమీద గీతలు పడి ఉండేవి. బాతు కేసెట్టుకి సరిగ్గా ముసలాయన కూర్చుండిపోయినచోట గీతలు.

ఒక ఇంగ్లీషు లెక్చరరుగారు ఉండేవారు. నాలుగు కేసెట్ల సీరియల్ తీసుకెళ్ళి, తిరిగిస్తూ రెండు పేజీల అభిప్రాయం రాసిచ్చారు. అబ్బో, ఏం రాశారు! బ్రిటీషువారి నటనలోని గాంభీర్యం, సంభాషణల్లోని సొగసు, నాలుగో భాగంలోని కరుణరసం. నేను పొంగిపోయి దాన్ని గోడకి అంటించాను. సాయంత్రం వీసీపీలో పెడితే మొదటి కేసెట్టు ఇరవై నిమిషాల దగ్గర ఆగి ఉంది. మిగతా మూడూ కదిలితే ఒట్టు. ఆయన మంచివారే, నాకు డిక్షనరీ ఇచ్చింది కూడా ఆయనే. అయినా చెబుతున్నాను, పొడుగాటి అభిప్రాయం కనబడగానే పొంగిపోకు. రాసినాయన ఎక్కడిదాకా చూశాడో ముందు కనుక్కో. మీ కంపెనీలో ఆ సంగతి తెలుస్తుందట కదా.

ఇంగ్లీషు రానివాళ్ళ మాటలు

నా చీటీలు కాస్త నిజం చెప్పడం మొదలెట్టాక, దొరల కేసెట్లకి గిరాకీ వచ్చింది. ఇంగ్లీషు పేర్లు ఎవరికీ నోరు తిరిగేవి కావు. వాళ్ళే పేర్లు పెట్టుకున్నారు. "వాన బంగళా ఉందాండీ?", "ఆ కుంటి దొరది రెండో భాగం వచ్చిందాండీ?" అని అడిగేవారు. నేనూ అట్టలమీద అవే పేర్లు రాసేశాను.

ఇంగ్లీషు రానివాళ్ళు మాటలు వదిలేసి మనుషుల్ని చూసేవారు. ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఒకావిడ, "బంగళాలో వంటమనిషిగా వేసినావిడ జన్మలో పిండి కలపలేదండీ. వేళ్ళే కదుపుతుంది, మణికట్టు కదలట్లేదు," అని తేల్చేసింది. వెళ్ళి చూస్తే అక్షరాలా నిజం.

రాజోలు నుంచి ఒకాయన వచ్చేవాడు. కువైట్‌లో ఒక పెద్దింట్లో పదేళ్ళు వడ్డనపని చేసి వచ్చాడు. దొరలు భోజనం చేస్తూంటే నౌకర్లు గోడవారగా నిలబడే సీన్లు ఆయనకి ఇష్టం. "చేతులు ఎలా పెట్టుకోవాలో, కళ్ళు ఎక్కడ పెట్టాలో బాగా తీసేరండీ. కానీ కాళ్ళు లాగుతాయండీ. ఒక్కడు కూడా బరువు ఇంకో కాలిమీదికి మార్చలేదు. ఆ ఒక్కటీ తప్పు తీసేరు," అన్నాడు. అన్నేళ్ళలో బ్రిటీషు సీరియళ్ళమీద నేను విన్న గొప్ప అభిప్రాయం అదే. లెక్చరరుగారి రెండు పేజీలూ పీకేసి, ఆ మాట రాసి గోడకి అంటించాను.

నా సొంత అభిప్రాయం కూడా చెప్పేస్తాను. ఆ కథలు మహా నిదానం. ఒక ఉత్తరం వస్తే విప్పడానికి పావుగంట. మనసులో మాట ఒక్కడూ చెప్పి చావడు. అందుకే మనవాళ్ళకి నచ్చాయనుకుంటాను. వాళ్ళు నోరు విప్పకపోతే వాళ్ళ తరఫున మనవాళ్ళు మాట్లాడేవారు. ఎదురుగా ఉన్నది ఏ దేశమో మర్చిపోయి, "అలా ఊరుకుంటావేమే, అడుగు!" అని టీవీని కసిరినవాళ్ళు నాకు తెలుసు.

పంపకాలు

ఇక రెండో తప్పు. పట్నానికి మూడు మైళ్ళలో, కాలవగట్టు మీద ఒక ఊరుంది. పేరు చెప్పను. ఆ కుటుంబంవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు, నాకు పెళ్ళి శుభలేఖలు కూడా పంపుతారు. కొబ్బరితోటలున్న అన్నదమ్ములిద్దరు. పెద్దాయన భార్య రత్తమ్మగారు, చిన్నాయన భార్య పద్మావతిగారు. తోడికోడళ్ళిద్దరూ ప్రతి శనివారం ఒకే రిక్షాలో బజారుకి వచ్చి, వెళ్ళేటప్పుడు మా కొట్లో ఆగేవారు. దొరల సీరియళ్ళంటే ఇద్దరికీ ప్రాణం.

అప్పట్లో వాళ్ళు "రాతి బంగళా" చూస్తున్నారు. ఆరు కేసెట్లు. ఒక ముసలి దొర, ఆయన కొడుకులిద్దరూ సముద్రంలో పోయారు. ఇంట్లో ఇద్దరు కోడళ్ళు మిగిలారు. బంగళా ఎవరికి రాసిపోతాడన్నది కథ. రత్తమ్మగారు పెద్ద దొరసాని పార్టీ, పద్మావతిగారు చిన్న దొరసాని పార్టీ.

"మామగారు మంచాన పడితే ఎవరు చేసేరండీ? మా పెద్దావిడ కాదూ?" అనేవారు రత్తమ్మగారు.

"వంటింట్లో పొగలో చచ్చిందెవరండీ? మీ పెద్దావిడ వంటింటి గడప తొక్కిందా?" అనేవారు పద్మావతిగారు.

ఇలా నా కౌంటరు దగ్గర అరగంట వాదించుకుని, నవ్వుకుంటూ రిక్షా ఎక్కేవారు. నాలుగో కేసెట్టు ఆఖర్న ముసలాయన పోతాడు, ప్లీడరు వీలునామా కవరు చింపుతాడు, అక్కడితో ఆపేస్తారు. ఆ నాలుగోది తిరిగిచ్చిన శనివారమే పంపకాలకి ముందు నేను వాళ్ళిద్దర్నీ కలిపి ఆఖరుసారి చూడటం. తర్వాత చాన్నాళ్ళు ఇద్దరూ రాలేదు.

సత్తిరాజుగారు వాళ్ళ తోటల్లో కాయ కొనేవారు కనక సంగతి తెలిసింది. అన్నదమ్ములు పంపకాలు చేసుకున్నారు. తోటలు సామరస్యంగానే పంచుకున్నారు. అత్తగారి ఇత్తడి గంగాళం దగ్గర మాత్రం మాటా మాటా వచ్చింది. "నాకిస్తానని అత్తగారు నోటితో చెప్పేరు," అని రత్తమ్మగారు. "నాకిస్తానని నాతోనూ అన్నారు, నేను అబద్ధం ఆడుతున్నానా అయితే?" అని పద్మావతిగారు. అంతే, మాటలు బందు.

మిగతా సామాన్లకి పెద్దమనుషులు చీట్లు వేశారు. సమానంగా ఉన్నవాటిని జతలు కట్టి, జతలో ఒకటి ఒకరికి, ఒకటి ఇంకొకరికి. మంచానికి జత బీరువా. కుట్టుమిషనుకి జత గ్రైండరు. టీవీకి జత వీసీపీ.

నిజంగా అలాగే చేశారండీ! నలుగురు పెద్దమనుషులు, తలపండినవాళ్ళు, ఒక్కడికీ తట్టలేదు. టీవీ రత్తమ్మగారికి వెళ్ళింది, వీసీపీ పద్మావతిగారికి వచ్చింది. పెద్దావిడకి దూరదర్శన్‌లో వార్తలైనా వచ్చేవి. చిన్నావిడ వీసీపీ మీద కుట్టుపువ్వుల గుడ్డ కప్పి, దాని మీద ప్లాస్టిక్ పూలసజ్జ పెట్టుకుంది.

రెండు ముగింపులు

మూడు నెలల తర్వాత ఒక శనివారం రత్తమ్మగారు ఒక్కరే వచ్చారు. కాసేపు అటూ ఇటూ చూసి, "మూర్తిగారూ, ఆ వీలునామాలో ఏముందండీ? చూసే యోగం ఎలాగూ లేదు, మీరైనా చెప్పండి," అన్నారు.

ఆవిడ మొహం చిన్నబోయి ఉంది. ఆవిణ్ణి సంతోషపెడదామనుకున్నాను. ఏమాటకామాట, కథ చెప్పి మెప్పించాలన్న సరదా కూడా ఉంది నాకు. "బంగళా పెద్ద దొరసానికే రాసేరండీ," అన్నాను. అంతవరకూ నిజమే. అక్కడ ఆగొచ్చుగా? ఆగలేదు. "చిన్న దొరసాని వచ్చి కాళ్ళమీద పడి, తప్పంతా నాదేనక్కా అని ఏడుస్తుందండీ," అని కలిపాను. ఆవిడ మొహం వెలిగిపోయింది.

వారం తిరక్కుండా పద్మావతిగారు వచ్చారు. అదే ప్రశ్న. ఆవిడ కళ్ళు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. నిజం చెబితే అక్కడే ఏడ్చేస్తారేమోనని భయం వేసింది. "బంగళా చిన్నావిడకేనండీ," అనేశాను. "పెద్దావిడ సిగ్గుపడి ఊరొదిలి వెళ్ళిపోతుందండీ." ఆవిడ కూడా సంతోషంగా వెళ్ళారు. నేను చాలా మంచిపని చేశాననుకుని ఆ పూట టీ ఇంకొకటి తాగాను.

తర్వాతి ఆదివారం పొద్దున్నే సత్తిరాజుగారు వాళ్ళ ఊరు వెళ్ళి వచ్చారు. కుర్చీలో కూర్చోలేదు.

"ఏమోయ్ మూర్తీ, ఆ ముసలి దొర రెండు వీలునామాలు రాసేడా?"

ఏం జరిగిందంటే, ఇంటి మధ్య గోడ కట్టుకోవాలని అన్నదమ్ములు అప్పటికే అనుకున్నారట. వసారాలో కూర్చున్నా తలలు కనబడే ఎత్తున, నడుం దాకా. దానికి గొయ్యి తవ్వుతూండగా రత్తమ్మగారు అటువైపు వినబడేలా, "దొరల దేశంలో కూడా న్యాయం పెద్దకోడలిదేనట!" అన్నారు. పద్మావతిగారు ఇటునుంచి, "ఎవరు చెప్పేరు? ఇల్లు చిన్నకోడలికి వచ్చింది!" అన్నారు. మూడు నెలల తర్వాత ఒకళ్ళకొకళ్ళు వినబడేలా అన్న మొదటి మాటలవి. ఎదుటివాళ్ళు కావాలని అబద్ధమాడుతున్నారని ఇద్దరూ నమ్మారు. చివరికి ఇద్దరూ విడివిడిగా మేస్త్రీని పిలిచి, గోడ నిలువెత్తు లేపమన్నారు. ఒకరి మొహం ఒకరికి కనబడకూడదట.

"రేపు పొద్దున్న మేస్త్రీ పునాదిరాళ్ళు వేస్తాడు," అన్నారు సత్తిరాజుగారు. "ఒకసారి లేచేక ఆ గోడ నీ తరంలో దిగదు. కేసెట్లు పట్టుకెళ్ళి నిజం చెప్పు. కొట్టు తాళాలు ఇక్కడ పెట్టు. చెప్పి వచ్చేక తీసుకో."

గోతిలో నేను

మిట్టమధ్యాహ్నం సైకిలెక్కి, అయిదో కేసెట్టూ ఆరో కేసెట్టూ సంచీలో వేసుకుని బయల్దేరాను. దారి పొడుగునా ఏం చెప్పాలో వల్లెవేసుకున్నాను. అక్కడికి వెళ్ళేసరికి ఒక్క ముక్కా గుర్తులేదు.

పాతకాలం మండువా ఇల్లు. నాలుగువైపులా వసారాలు, నడుమ పైకప్పు లేని వాకిలి. ఆ వాకిట్లో ఈ కొస నుంచి ఆ కొస దాకా మోకాలి లోతు గొయ్యి. ఎడమ వసారాలో రత్తమ్మగారు బియ్యం ఏరుతున్నారు. కుడి వసారాలో పద్మావతిగారు కొబ్బరి ఈనెలు తీస్తున్నారు. ఎటు వెళ్ళి కూర్చున్నా రెండో ఆవిడకి కోపం. ఏం చెయ్యను? గోతిలో దిగి నిలబడ్డాను.

"అమ్మా, నేను మీ ఇద్దరికీ అబద్ధం చెప్పేనండీ," అన్నాను.

ఎడమవైపు నుంచి రత్తమ్మగారు, "అయితే చిన్నావిడ కాళ్ళమీద పడలేదాండీ?" అన్నారు.

"లేదండీ."

కుడివైపు నుంచి పద్మావతిగారు, "ఇల్లు చిన్నావిడకి రాలేదాండీ?" అన్నారు.

"రాలేదండీ."

ఇక చూసుకోండి! ఇద్దరూ రెండువైపుల నుంచీ లేచారు. "అన్నం తింటున్నారా గడ్డి తింటున్నారాండీ మీరు?" అని రత్తమ్మగారు. "ఎవరికేం కావాలో అది వండి వడ్డించేరన్నమాట!" అని పద్మావతిగారు. "మీ చీటీలు నమ్మినందుకు మాకు బుద్ధి లేదండీ!" అని మళ్ళీ రత్తమ్మగారు. ఒకరు ఊపిరి తీసుకుంటే రెండోవారు అందుకున్నారు. మా కోనసీమలో తిట్టినా అండీ తీసెయ్యరు కదా, అందుకని ఇంకా బాగా తగిలాయి. తలవంచుకుని అన్నీ తిన్నాను.

అలిసిపోయాక, "అసలు కథ చూపిస్తాను, కేసెట్లు తెచ్చేనండీ," అన్నాను.

అప్పుడు వచ్చింది చిక్కు. టీవీ అటువైపు వెళ్ళడానికి వీల్లేదన్నారు రత్తమ్మగారు. వీసీపీ ఇటునుంచి కదలదన్నారు పద్మావతిగారు. రెండింటినీ కలిపే వైరు మూరెడు కంటే కాస్త ఎక్కువ, అంతే. చివరికి టీవీని గోతికి అటు అంచున స్టూలు మీద, వీసీపీని ఇటు అంచున పీటమీద పెట్టాం. వైరు గోతిమీదుగా వెళ్ళింది. టీవీకి కరెంటు పెద్దవాళ్ళ మీటరు నుంచి, వీసీపీకి చిన్నవాళ్ళ మీటరు నుంచి. పైనుంచి ఎండ పడకుండా అటువాళ్ళొక దుప్పటి, ఇటువాళ్ళొక దుప్పటి కట్టారు. అన్నదమ్ములు కూడా చెరోవైపు స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. నేను గోతిలోనే కూర్చున్నాను.

"మూర్తిగారూ, అటువాళ్ళని సౌండు పెంచమనండి," అన్నారు పద్మావతిగారు. గజం దూరంలో ఉన్న రత్తమ్మగారికి నేను చెప్పాను.

"మూర్తిగారూ, ఇందాకటి ముక్క వెనక్కి తిప్పమనండి ఇటువాళ్ళని," అన్నారు రత్తమ్మగారు. అదీ చెప్పాను. గంటన్నర ఇలాగే కబుర్లు మోశాను.

అసలు కథ ఇది. బంగళా పెద్ద దొరసానికే వస్తుంది. చిన్న దొరసాని ఎవరి కాళ్ళమీదా పడదు. పెట్టె సర్దుకుని, మాట్లాడకుండా గుర్రబ్బండెక్కి వెళ్ళిపోతుంది. ఎక్కడికి వెళ్ళిందో తర్వాత తెలియదు. ఆఖరి సీనులో పెద్ద దొరసాని ఆ పొడుగాటి బల్ల దగ్గర ఒక్కత్తే కూర్చుని గంట కొడుతుంది. పనిమనిషి అలవాటు కొద్దీ రెండు కప్పులు తెచ్చి పెడుతుంది. దొరసాని ఏమీ అనదు. రెండింట్లోనూ టీ పోస్తుంది. రెండో కప్పు ఎదుటి కుర్చీ ముందుకి జరుపుతుంది. అంతే, పేర్లు పడతాయి.

నేను కేసెట్టు ఆపడానికి కూడా లేవలేదు.

"ఇల్లు ఆవిడకే వచ్చిందిగా అక్కా," అన్నారు పద్మావతిగారు. నాతో కాదు, గోతి అవతలికి. "మరి అలా కూర్చుందేమిటి?"

రత్తమ్మగారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. "వచ్చింది కాబట్టే కూర్చుంది. అంతింట్లో ఒక్కత్తీ ఏం చేసుకుంటుందే?" అన్నారు. టీవీకేసి చూస్తూ, "పద్దూ, ఆ కప్పుల దగ్గరికి ఒకసారి తిప్పు," అన్నారు.

పద్మావతిగారు తిప్పారు. మళ్ళీ చూశారు. ఇంకోసారి కూడా చూశారు. ఈసారి కబుర్లు మొయ్యడానికి నా అవసరం లేకపోయింది. గోతిలో కూర్చుని నేను ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

పెద్దాయన గొంతు సవరించుకుని, "రేపు మేస్త్రీ వస్తాడు మరి, రాళ్ళకి," అన్నాడు.

"రానివ్వండి, వచ్చి ఈ గొయ్యి పూడుస్తాడు," అన్నారు రత్తమ్మగారు. "దీనికి అసలే చూపు ఆనదు. సందెవేళ కాలు జారి ఇందులో పడితే మంచం దగ్గర చాకిరీ ఎవరిది? నాదే కదూ?"

"నా చూపుకేం? కబుర్లు చెప్పుకుంటూ నడిచేది నువ్వు. నువ్వే పడతావు," అన్నారు పద్మావతిగారు.

"గంగాళం సంగతో?" అన్నాడు చిన్నాయన, ఉండబట్టలేక. ఇద్దరూ ఒక్కసారి ఆయనకేసి చూశారు. ఆయన మళ్ళీ స్తంభానికి ఆనుకున్నాడు.

రత్తమ్మగారు నాకు చెయ్యి అందించి గోతిలోంచి పైకి లాగారు. "మూర్తిగారూ, మేస్త్రీ ఇల్లు మీ దారిలోనేగా. ఈ కబురు చెప్పి వెళ్ళండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఏమీ కలపకండి," అన్నారు.

"ఆయ్, అలాగేనండి," అన్నాను.

కాలవగట్టు మలుపులో మేస్త్రీ ఇల్లు. ఆయన అరుగుమీద కూర్చుని తాపీకి పిడి బిగిస్తున్నాడు. గోడ వద్దన్నారని, రేపు వచ్చి గొయ్యి పూడ్చమన్నారని చెప్పాను. ఆయన నమ్మలేదు. తాపీ పక్కన పెట్టి లేచి వచ్చాడు.

"ఎవరండీ చెప్పమన్నది? పెద్దావిడా, చిన్నావిడా? ఒకరి మాట విని వెళితే రెండో ఆవిడ నన్ను బతకనివ్వదండీ. ఎవరో ఒక్క పేరు చెప్పండి."

"ఇద్దరూను," అన్నాను.